పెడల్ తొక్కగానే గిటార్ గుల్లగా మారుతోందా? ముందు రూటింగ్ చూడు, తర్వాత మోడ్యులేషన్

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. రాజోలు దగ్గర చర్చిలోనూ, సీజన్‌లో ఆర్కెస్ట్రాలోనూ లీడ్ గిటార్ వాయిస్తావు. మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్‌లో, అదే గిటార్ సౌండ్‌ని రకరకాలుగా మార్చే యూనిట్‌లో, సిగ్నల్‌ని మొదట్లోనే రెండు దారులుగా చీల్చావు. ఏ (A) దారిలో సౌండ్‌ని గరుకుగా చేసే డ్రైవ్, ఆంప్, స్పీకర్ పెట్టె సౌండ్ ఇచ్చే క్యాబినెట్. బీ (B) దారిలో సౌండ్‌ని ఊపే కోరస్, ప్రతిధ్వనిలా మళ్ళీ వినిపించే డిలే. కాలితో విలువ మార్చే ఒక్క ఎక్స్‌ప్రెషన్ పెడల్‌కే కోరస్ డెప్త్ (ఊపు ఎంత), కోరస్ రేటు (ఊపు వేగం ఎంత), డిలే మిక్స్ (డిలే పాలు ఎంత) మూడూ కట్టేశావు. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అద్భుతంగా ఉంది. పందిట్లో పెద్ద బాక్సుల మీద పెడల్ తొక్కేసరికి గిటార్ గుల్లగా, ఎక్కడో దూరంగా వెళ్ళిపోతోంది, గమకం వేస్తే శ్రుతి తప్పినట్టు ఉంటోంది, పైగా కాలు తీసేసినా పెడల్ విలువ దానంతటదే వణుకుతోంది. మోడ్యులేషన్, అదే సౌండ్‌ని ఊపే ఈ మార్పులు, తగ్గించాలా, యూనిట్ మార్చాలా అని అడిగావు.

యూనిట్ మార్చకు. నీ దగ్గరున్నది చాలు. నువ్వు చెప్పిన లక్షణాల్లో సగానికి పైగా మోడ్యులేషన్‌తో సంబంధమే లేదు, అది రూటింగ్, అంటే సిగ్నల్ ఎటు నుంచి ఎటు పోతుందనే గొడవ. రూటింగ్ తప్పుగా ఉన్నప్పుడు మోడ్యులేషన్ తగ్గిస్తే తప్పు కాస్త తక్కువగా వినిపిస్తుంది, పోదు.

ముందు ఒక తేడా బుర్రలో పెట్టుకో. సిగ్నల్ వేరు, కంట్రోల్ వేరు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీళ్ళు డెల్టా కాలువల్లోకి మళ్ళుతాయి కదా. కాలువలో పారేది నీరు, షట్టర్ తిప్పేది లస్కరు. లస్కరు ఒంట్లోంచి చుక్క నీరు పోదు, కానీ ఏ బోదెకు ఎంత అందాలో అతని చేతిలో ఉంటుంది. ఎల్‌ఎఫ్‌ఓ (దానంతటదే నెమ్మదిగా ఊగే విలువ), ఎక్స్‌ప్రెషన్ పెడల్, మిడి సీసీ మెసేజ్ (పరికరాల మధ్య పోయే అంకెల సందేశం), ఎన్వలప్ ఫాలోయర్ (నువ్వు ఎంత గట్టిగా వాయిస్తున్నావో కొలిచేది), ఇవన్నీ లస్కర్లే. వీటిలో సౌండ్ ఉండదు, సౌండ్ ఎలా మారాలో చెప్పే విలువ మాత్రమే ఉంటుంది. వాల్యూమ్ పెడల్ అలా కాదు, దానిగుండా గిటార్ సిగ్నలే పోతుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి చాలామంది ఒకదాని సాకెట్‌లో ఇంకొకటి గుచ్చి తలపట్టుకుంటారు.

ఇప్పుడు పరీక్ష. ప్యాచ్‌లో, అంటే యూనిట్‌లో సేవ్ చేసుకున్న ఆ సెట్టింగ్‌లో, పెడల్ అసైన్‌మెంట్లు మూడూ తీసెయ్. కోరస్ డెప్త్ సున్నా చెయ్. ఏ దారి ఒక్కటే ఉంచి ఒక పవర్ కార్డ్ కొట్టు, విను. తర్వాత బీ ఒక్కటే. తర్వాత రెండూ కలిపి. రెండూ కలిపినప్పుడు విడివిడిగా విన్నదానికన్నా పలచగా వినిపిస్తే దోషం కలిసే చోట ఉందన్నమాట, అక్కడ ఏ మోడ్యులేషనూ లేదు కాబట్టి దాన్ని నిందించడానికి లేదు. నీ ప్యాచ్ విషయంలో నూటికి తొంభై పాళ్ళు ఇదే జరుగుతుందని నా నమ్మకం.

ఎందుకంటే నీ బీ దారిలో కోరస్ మిక్స్ 50, డిలే మిక్స్ 40 అని రాశావు. అంటే ఎఫెక్ట్‌తో పాటు గిటార్ అసలు సౌండ్, అదే డ్రై, బీ గుండా కూడా వచ్చేస్తోంది. ఏ గుండా వచ్చే గిటార్ ఆంప్, క్యాబినెట్ దాటి వస్తోంది. బీలో ఆ రెండూ లేవు. ఒకే నోటు రెండు వేర్వేరు రంగుల్లో, వేర్వేరు ఫేజ్‌లో, అంటే అలలు ఒకే క్షణాన లేవకుండా, వచ్చి దారులు కలిసే మిక్సర్ బ్లాక్‌లో కొట్టుకుంటోంది. దీనికి తోడు ఒక దారిలో కాస్త ఆలస్యం ఉంటే ఇంకా దారుణం. లెక్క చూడు, రెండు దారుల మధ్య తేడా 1 మిల్లీసెకన్ ఉందనుకో. 500 హెర్ట్జ్ దగ్గర అది సరిగ్గా సగం ఆవృత్తి, అంటే ఒకటి పైకి వెళ్తుంటే ఇంకొకటి కిందికి వెళ్తుంది. రెండూ సమానమైన లెవెల్లో ఉంటే అక్కడ సౌండ్ పూర్తిగా చచ్చిపోతుంది. తర్వాత 1500 దగ్గర, 2500 దగ్గర, అలా దువ్వెన పళ్ళలాగా, అందుకే దాన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు. గిటార్‌కి ఒళ్ళంతా ఉండేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. బయటి పెడల్ ఏదైనా యూనిట్ లూప్‌లో (సిగ్నల్‌ని బయటికి పంపి వెనక్కి తెచ్చుకునే జాక్‌లలో) పెట్టి దాన్ని ప్యారలల్‌లో వాడావంటే, డిజిటల్ నుంచి అనలాగ్‌కి వెళ్ళి మళ్ళీ వెనక్కి రావడానికే దాదాపు అంత సమయం పడుతుంది, కాబట్టి ఆ లూప్‌లోంచి డ్రై సౌండ్ అసలు తిరిగి రాకూడదు.

సరిచేసే పద్ధతి సులువే. డ్రైవ్, ఆంప్, క్యాబినెట్ మూడూ వరసగా పెట్టు, సిగ్నల్‌ని క్యాబినెట్ దాటిన తర్వాత చీల్చు. ఏ (A) దారిలో మాత్రం ఏమీ పెట్టకు, ఖాళీగా వదిలెయ్, అదే నీ అసలు గిటార్. బీ దారిలో కోరస్, దాని తర్వాత డిలే. కోరస్ 100 శాతం వెట్, అంటే డ్రై లేకుండా ఎఫెక్ట్ సౌండ్ మాత్రమే. డిలే బ్లాక్‌లో మాత్రం రెండు రకాలుగా ఆలోచించాలి, రిపీట్లు మాత్రమే కావాలంటే దాన్నీ 100 వెట్ చెయ్, కోరస్ కూడా వెంటనే వినపడాలంటే డిలేని మూడో దారిలోకి మార్చు లేదా దాని మిక్స్ 30 దగ్గర ఉంచు. ఎందుకంటే కోరస్ 100 వెట్ అయ్యాక బీలోకి డ్రై అనేదే రాదు, డిలే గుండా దాటి వచ్చేది కోరస్ సౌండే. ఆ వెట్ సౌండ్ సుమారు 15 నుంచి 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చి ఏ దారిలోని డ్రైతో కలిసినప్పుడే నీకు కోరస్ పుడుతుంది. బీ లెవెల్ మిక్సర్ దగ్గర ఏ కన్నా 6 డెసిబెల్స్ తక్కువలో మొదలుపెట్టు, చెవికి నచ్చేవరకు జరుపుకో.

హెడ్‌ఫోన్స్‌లో బాగుండి పందిట్లో పోవడానికి ఇంకో కారణం ఉంది, దీన్ని మన వైపు కుర్రాళ్ళు ఎవరూ పట్టించుకోరు. హెడ్‌ఫోన్స్ స్టీరియో. మన మైక్ సెట్ వాళ్ళ మిక్సర్ నుంచి బాక్సులకు వెళ్ళేది దాదాపు ఎప్పుడూ మోనో, తీర్థాల్లో వీధి పొడవునా బాక్సులు కట్టినప్పుడు మోనోయే ఉండాలి కూడా, లేకపోతే ఒక వైపు జనానికి సగం పాటే వినిపిస్తుంది. ఇప్పుడు కొన్ని స్టీరియో కోరస్‌లు వెడల్పు కోసం ఏం చేస్తాయంటే, ఎడమ వైపు వెట్‌ని మామూలుగానూ, కుడి వైపు అదే వెట్‌ని ఫేజ్ తిప్పీ పంపుతాయి. హెడ్‌ఫోన్స్‌లో తల చుట్టూ తిరిగినట్టు ఉంటుంది. రెండూ కలిపి మోనో చేసిన క్షణాన ఒకదాన్నొకటి కొట్టేసుకుని వెట్ మొత్తం మాయం. పెడల్‌తో నువ్వు ఏ దారి తగ్గించి బీ పెంచుతున్నావంటే ఇక గిటారే మిగలదు.

చరిత్ర తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. రోలాండ్ వాళ్ళు 1975లో తెచ్చిన జేసీ-120 ఆంప్‌లో రెండు స్పీకర్లు ఉంటాయి, కోరస్ వేస్తే ఒకదాంట్లోంచి డ్రై, రెండోదాంట్లోంచి ఊగే సౌండ్ వస్తాయి, రెండూ గదిలో గాలిలోనే కలుస్తాయి. మరుసటి ఏడాది బాస్ పేరుతో వచ్చిన సీఈ-1 అదే పద్ధతిని కాలికింద పెట్టే పెట్టెలోకి తెచ్చింది. ఆ తరహా స్టీరియో కోరస్ నుంచి ఒక్క అవుట్‌పుట్ మాత్రమే లాగితే కొన్నిసార్లు ఉత్త డ్రై వస్తుంది, కొన్నిసార్లు ఉత్త ఊపు వస్తుంది. గాలిలో కలవాల్సిందాన్ని వైరులో కలిపితే అదే ఫలితం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

కాబట్టి ప్యాచ్‌లు ఇంట్లో చేసేటప్పుడే యూనిట్ గ్లోబల్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ మోనో చేసి చెయ్. స్టేజి మీద ఎడమ జాక్ ఒక్కటే వాడు, చాలా యూనిట్లలో దాని పక్కనే మోనో అని రాసి ఉంటుంది, కుడివైపు ఏమీ గుచ్చకపోతే లోపలే సరిగా కలిపి పంపుతుంది. రెండు అవుట్‌పుట్లను వై కేబుల్‌తో ముడేసి ఒక చానెల్‌లో గుచ్చమని ఎవరైనా అంటే వద్దని చెప్పు, ఒక అవుట్‌పుట్ ఇంకొక అవుట్‌పుట్‌ని తోస్తుంది, వాటిని అలా వాడటానికి తయారు చేయలేదు.

ఇక గమకం. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త ఎక్కువ రాస్తాను.

కోరస్ లోపల జరిగేది చిన్న డిలే, ఆ డిలే పొడవుని ఎల్‌ఎఫ్‌ఓ అటూ ఇటూ సాగదీస్తుంది. డిలే పొడవు మారుతున్నంతసేపూ శ్రుతి మారుతుంది. ఎంత మారుతుందో లెక్క ఉంది, సైన్ వేవ్ అయితే రేటుని డెప్త్‌తో గుణించి, దాన్ని 6.28తో గుణించు. డెప్త్ మధ్య నుంచి 2 మిల్లీసెకన్లు అటూ ఇటూ, రేటు 1 హెర్ట్జ్ అనుకో. 0.002 ఇంటూ 1 ఇంటూ 6.28, అంటే 0.0126, సుమారు 1.26 శాతం. సెంట్లలో చెప్పాలంటే 21 పైచిలుకు, స్వరం పైకి అంత, కిందికి అంత ఊగుతోంది. ఒక సెమిటోన్ అంటే 100 సెంట్లు. రేటు సగానికి తగ్గించి 0.5 చేస్తే, డెప్త్ ముట్టుకోకపోయినా, ఊపు కూడా సగమై 11 సెంట్ల లోపుకి వస్తుంది.

నీ పెడల్ ఏం చేస్తోందో ఇప్పుడు చూడు. తొక్కిన కొద్దీ డెప్త్ పెరుగుతోంది, రేటు కూడా పెరుగుతోంది. రెండూ గుణకారం. డెప్త్ మూడు రెట్లు, రేటు మూడు రెట్లు అయితే శ్రుతి ఊపు తొమ్మిది రెట్లు. నువ్వు ఎడమచేతి వేలితో తీగ లాగి గాంధారాన్ని ఊపుతుంటే, వెనక నుంచి మెషిన్ తన లెక్కలో తాను ఊపుతోంది. తోడి లాంటి రాగంలో గాంధారం ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపుకి ఒక నడక ఉంటుంది, పాట బరువంతా దాని మీదే ఉంటుంది. దాని మీద ఇంకో ఊపు పడితే వినేవాడికి శ్రుతి తప్పినట్టే ఉంటుంది, అతని తప్పేం లేదు. శంకరాభరణంలో కార్డ్‌లు వాయించే కీర్తనకి ఇదే కోరస్ ఎంత వేసినా హాయిగా ఉంటుంది. అందుకే మెలొడీ ప్యాచ్, కార్డ్స్ ప్యాచ్ వేరువేరుగా చేసుకో, ఒకే ప్యాచ్‌తో రెండు పనులూ చేయించాలని చూడకు.

మెలొడీ ప్యాచ్‌లో మోడ్యులేషన్ పేజీ ఇలా పెట్టు. పెడల్‌కి మొదటి డెస్టినేషన్ బీ దారి లెవెల్, మడమ దగ్గర సున్నా, బొటనవేలు దగ్గర ఇందాక చెప్పిన, ఏ కన్నా 6 డెసిబెల్స్ తక్కువ ఉన్న ఆ లెవెల్. డెప్త్ కావాలంటే రెండోది, కానీ రేంజ్ మొత్తం ఇవ్వకు, కనిష్ఠం 15, గరిష్ఠం 35 చాలు. రేటుని పెడల్‌కి కట్టాలని మనసు లాగితే తిరగేసి కట్టు, డెప్త్ పెరిగేకొద్దీ రేటు తగ్గాలి, 1 హెర్ట్జ్ నుంచి 0.6కి. అప్పుడు ఊపు వెడల్పవుతుంది కానీ శ్రుతి చేజారదు. కనిష్ఠం విలువ గరిష్ఠం కన్నా ఎక్కువ పెడితే చాలు, చాలా యూనిట్లు తిరగేసినట్టు అర్థం చేసుకుంటాయి. లెవెల్‌కి కర్వ్ ఎంచుకునే వీలుంటే సరళరేఖ వద్దు, లాగ్ తీసుకో, మన చెవి వినేది ఆ పద్ధతిలోనే.

రోటరీ ఎఫెక్ట్ కూడా పెడల్‌తో నెమ్మదిగా పెంచుతానన్నావు. వద్దు. రోటరీకి మూలమైన, డాన్ లెస్లీ తయారుచేసిన తిరిగే స్పీకర్ క్యాబినెట్‌లో బాగా వాడుకలో ఉన్నవి రెండు వేగాలే, నెమ్మది వేగం నిమిషానికి సుమారు 40 చుట్లు, వేగం అంటే సుమారు 400, అంటే హెర్ట్జ్‌లో 0.7, 6.7 దరిదాపుల్లో. దాని అందమంతా ఒక వేగం నుంచి ఇంకో వేగానికి వెళ్ళే ఆ మధ్యలో ఉంటుంది, పైన హార్న్ గబుక్కున అందుకుంటుంది, కింద బరువైన డ్రమ్ తీరిగ్గా వస్తుంది. కాలితో మధ్యలో ఎక్కడో 3 హెర్ట్జ్ దగ్గర ఆపితే అది రోటరీలా ఉండదు, జలుబు చేసిన గొంతులా ఉంటుంది. ఫుట్‌స్విచ్‌కి కట్టు, ర్యాంప్ టైమ్ యూనిట్ చూసుకుంటుంది.

డిలేకి వస్తే, మిక్స్‌ని పెడల్‌కి కట్టడం వల్ల ఇంకో నష్టం ఉంది, కాలు వెనక్కి తీయగానే రిపీట్లు మధ్యలో తెగిపోతాయి. పెడల్‌ని డిలే ఇన్‌పుట్‌కి, కొన్ని యూనిట్లలో సెండ్ అంటారు, దానికి కట్టు. కాలు తీస్తే కొత్త నోట్లు లోపలికి పోవు, పాతవి వాటంతటవే కరిగిపోతాయి. ఫీడ్‌బ్యాక్‌ని (రిపీట్లు ఎంతసేపు కొనసాగాలో చెప్పేది) మాత్రం పెడల్‌కి కట్టకు, కట్టినా గరిష్ఠం 60 దాటనివ్వకు, 100 దగ్గరకు వెళ్తే రిపీట్లు తగ్గకుండా పేరుకుపోయి ప్రార్థన మధ్యలో అరుస్తుంది. టైమ్ పాట వేగానికి సరిపెట్టడానికి 60000ని బీపీఎంతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో) భాగించు, 120 బీపీఎం పాటకి 500 మిల్లీసెకన్లు, డాటెడ్ ఎయిత్ (ముప్పావు బీట్) కావాలంటే దాన్ని 0.75తో గుణించి 375. కానీ ఒకటి గుర్తుంచుకో, మన ఎండాకాలపు గాలిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. తీర్థంలో 70 మీటర్ల అవతల ఇంకో బాక్స్ కట్టారంటే అక్కడి నుంచి నీ గిటారే 200 మిల్లీసెకన్ల ఆలస్యంగా తిరిగి వినిపిస్తుంది. మైదానమే ఒక డిలే వేస్తోంది, నీది సగానికి తగ్గించు.

నన్నడిగితే మెలొడీకి డిలే మీద కాలే పెట్టొద్దు. ఎన్వలప్ ఫాలోయర్ ఉంటే దాన్ని డిలే అవుట్‌పుట్ లెవెల్‌కి తిరగేసి కట్టు. నువ్వు గట్టిగా వాయిస్తున్నంతసేపూ డిలే అణిగి ఉంటుంది, గమకం శుభ్రంగా వినపడుతుంది, లైను ఆపి ఊపిరి తీసుకోగానే రిపీట్లు పైకి తేలతాయి. అటాక్ (అణగడానికి పట్టే సమయం) 10 మిల్లీసెకన్లు, రిలీజ్ (మళ్ళీ తేలడానికి పట్టేది) 300 నుంచి 400 మధ్య పెట్టి విను. సెన్సిటివిటీని నీ గిటార్ పికప్‌కి తగ్గట్టు సర్దుకోవాలి, హంబకర్‌కి పెట్టినది సింగిల్ కాయిల్‌కి పనిచేయదు. కొన్ని యూనిట్లలో ఇదే పని చేసే డకింగ్ డిలే రెడీగా ఉంటుంది, అదైనా సరే.

పెడల్ వణకడం గురించి. మీ వైపు సముద్రపు గాలి, ఉప్పు. జాక్‌లూ, పెడల్ లోపలి పొటెన్షియోమీటర్ ట్రాకూ మసకబారిపోతాయి. ముందు కేబుల్ చూడు, ఎక్స్‌ప్రెషన్ పెడల్‌కి టీఆర్‌ఎస్ కేబుల్ కావాలి, ప్లగ్ మీద రెండు నల్ల గీతలుంటాయి. మామూలు గిటార్ కేబుల్‌తో పెడితే సరిగా పనిచేయదు, లేదా పిచ్చి విలువలు చూపిస్తుంది. తర్వాత కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ప్లగ్‌ని కొన్నిసార్లు గుచ్చి తీసి, పెడల్ కాలిబ్రేషన్ మళ్ళీ చెయ్. వేరే కంపెనీ పెడల్ అయితే టిప్, రింగ్ తారుమారుగా ఉండొచ్చు, కొన్ని పెడళ్ళకి అడుగున దానికోసం స్విచ్ ఉంటుంది. ఇవన్నీ అయ్యాక కూడా వణికితే ట్రాక్ అరిగిపోయినట్టే, పొటెన్షియోమీటర్ మార్పించు, చాలా పెడళ్ళలో 10 కిలో ఓమ్స్ ఉంటుంది, విప్పినప్పుడు దాని మీద రాసినది చూసి అదే వేయించు. మిడి గుండా పెడల్ పంపుతుంటే విలువలు 0 నుంచి 127 వరకే ఉంటాయి, డిలే టైమ్ లాంటివాటికి ఆ మెట్లు గరగరమని వినపడతాయి. లెవెల్‌కి ఇబ్బంది లేదు.

చివరిగా, నువ్వు పక్కన ఒక మాటగా రాసి వదిలేశావు కానీ నాకు అన్నింటికన్నా ఇదే టెన్షన్ పెట్టింది. ఫోర్ కేబుల్ మెథడ్‌లో (గిటార్, యూనిట్, ఆంప్ మధ్య నాలుగు కేబుళ్ళు వేసే పద్ధతిలో) ఆంప్‌కి కలిపితే గుయ్యిమనే హమ్ వచ్చిందనీ, ఎవరో చెబితే ఆంప్ ప్లగ్‌కి ఎర్త్ పిన్ తీసేశావనీ రాశావు. ఈరోజే ఆ పిన్ పెట్టించు. ఆ హమ్ 50 హెర్ట్జ్, దాని రెట్టింపు, గ్రౌండ్ లూప్ వల్ల వచ్చేది, రెండు యూనిట్ల మధ్య ఎర్త్‌కి రెండు దారులు ఉండటం దాని కారణం. ఎర్త్ తీస్తే హమ్ పోతుంది నిజమే, కానీ ఆంప్‌లో ఏదైనా లీకైతే కరెంటు వెళ్ళే దారి నీ గిటార్ తీగలే అవుతాయి, పెదవి మైక్‌కి తగిలితే చాలు. మన పందిళ్ళు కాలువ గట్ల మీద, తడి నేల మీద వేస్తారు, జనరేటర్‌కి ఎర్త్ సరిగా కొట్టారో లేదో ఎవరూ చూడరు. హమ్‌కి మందు వేరే ఉంది. యూనిట్, ఆంప్ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోవాలి, ఇంకా వస్తుంటే ఆంప్‌కి వెళ్ళే సెండ్ దారిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటర్ పెట్టాలి. అసలు నీ పందిరి ప్రోగ్రాములకు ఆంప్ అక్కర్లేదు, యూనిట్‌లోనే ఆంప్, క్యాబినెట్ ఉన్నాయి, ఎడమ అవుట్‌పుట్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే పెట్టె), అక్కడి నుంచి మిక్సర్.

మిక్సర్ దగ్గరున్న అన్నకి ముందే మర్యాదగా రెండు మాటలు చెప్పు. నీ చానెల్ మీద ఆయన రివర్బ్ వేయొద్దు, ఎందుకంటే అది నీ డిలే మీద పడి మళ్ళీ మొదటికొస్తుంది. గెయిన్ సెట్ చేసేటప్పుడు పెడల్ పూర్తిగా తొక్కి ఉంచి సెట్ చేయించు, మడమ దగ్గర పెట్టి చేస్తే పాట మధ్యలో నువ్వు తొక్కినప్పుడు క్లిప్ అవుతుంది, అంటే సౌండ్ పగులుతుంది. కొత్త ప్యాచ్ చేశాక బీ దారి ఒక్కటే వినిపించేలా మోనోలో రికార్డ్ చేసి పెట్టు, గమకం ఉన్న లైను ఒకటి వాయించు, అది వింటే రేటు ఇంకా తగ్గించాలో వద్దో చెప్పగలను.